దీపం లేని ఊరి దస్త్రం

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దోవలో ఒక ఆఫీసుండాది. ఏ ఆఫీసని మాత్రం నన్నడగొద్దండప్పా, పేరు చెప్తే రేపు నేనే ఆడికి పోయి చేతులు కట్టుకోని నిలబడాల్సొస్తాది. ఆ ఆఫీసు వెనకాల ఒక పొడుగాటి గది. అదే రికార్డు రూము. కిటికీలు రెండుంటే ఒకటి తెరుచుకోదు, ఒకటి మూసుకోదు. ఎనిమిదేండ్లుగా ఆ గది తాళాలు నాగవేణి చేతిలో ఉండాయి. గవర్నమెంటు లెక్కలో ఆమె జూనియర్ అసిస్టెంటే గానీ, అరవై మూడు ఊర్ల కాగితాల్లో ఏది యాడుండాదో ఆమెకు తప్ప ఇంకో నరమానవునికి తెలీదు.

ఆ గదిలోకి ఎవురూ కోరి పోరు. పైనోళ్లకు ఎవురి మీదన్నా కోపమొస్తే ఆడికి తోస్తారు, తోసినోడు నెల తిరక్కుండా ఎవురి కాళ్లో పట్టుకుని బయటపడతాడు. నాగవేణి మాత్రం ఉద్యోగంలో చేరిన రెండో యేడే తనంతట తాను అర్జీ పెట్టుకుని ఆ గది అడిగింది. అప్పటి ఆఫీసరు అర్జీ రెండుసార్లు చదివి, ఆరోగ్యమేమన్నా బాగలేదామ్మా అని అడిగినాడంట. బాగుంది సార్ అనింది. ఆరోగ్యం బాగానే ఉండె. కడుపులో పగ ఉండె, అంతే.

ఆ పగ కత చెప్తా వినండి.

ఆమెది గుండ్రహాలు. నాయన భీమప్ప, అమ్మ ఉచ్చీరమ్మ. ఊరికి తూర్పున నాలుగెకరాల నల్లరేగడి, తాత ఈరన్న సేద్యం చేసిన చేను. ఆదోని పత్తి సావుకారొకడు ఆ చేను మా తాతల కాలం నుంచి మాదేనని యాడనుంచో పాసుబుక్కు పుట్టించుకొచ్చినాడు. భీమప్ప లబోదిబోమని ఆఫీసుకు పోతే, పాత అడంగలు నకలు తెమ్మన్నారు. అడంగలంటే ఏ చేను ఎవురు సేద్యం చేసినారో ఊరి కరణం యేటేటా రాసిన పుస్తకం. అందులో ఈరన్న పేరుంటే చేను నీది, లేదంటే ఇంటికి పో అన్నారు. న్యాయంగానే ఉంది కదా? వినేదానికి ఏదైనా న్యాయంగానే ఉంటాది.

భీమప్పకు చదువు రాదు. అందుకని తొమ్మిదేండ్ల కూతుర్ని వెంట పెట్టుకోని పోయేవాడు, వాళ్లేం రాసిస్తే అది చదివి చెప్తాదని. అప్పుడు రికార్డు రూములో జయరాం అనే ఆయన ఉండె. చూస్తే చెడ్డోని మాదిరి కనపడడు. నుదుట విభూది, నోట్లో మెత్తని మాట. పిల్లకు బెల్లం ముక్క కూడా పెట్టినాడు ఒకసారి. "వెతికినా భీమప్పా, దొరకలేదు, పై నెల రా" అనేవాడు. పై నెల పోతే మల్ల అదే మాట. కసిరినా బాగుండు, కొట్టినా బాగుండు, ఊర్లో పదిమందికి చెప్పుకోను ఒక కత ఉండేది. ఆ మెత్తని మాట మీద ఆశ పెట్టుకుని భీమప్ప ఆరేండ్లు కాళ్లరిగేట్టు తిరిగినాడు. ఆఖరికి ఒక కాగితం చేతిలో పెట్టినారు. పదిహేనేండ్ల నాగవేణి ఆఫీసు మెట్ల మీద నిలబడి చదివింది. గుండ్రహాలు అడంగలు లభ్యం కాలేదు, అని ఉంది. నాయనకు చెప్పేదానికి ఆమెకు నోరు రాలేదు. కాగితం మడిచి చేతికిచ్చింది. భీమప్పకు చదువు రాకపోయినా బిడ్డ మొగం చదవను వచ్చు.

చేను పోయింది. మూడేండ్లకు భీమప్ప పోయినాడు. ఉచ్చీరమ్మ బతకాల్ల కదా, మూతి ముడుచుకుని కూర్చుంటే ఎవురు పెడతారు? అదే చేన్లో, సావుకారు మేస్త్రీ కింద, పత్తి ఏరేదానికి కూలికి పోయింది. ఈ పొద్దుకీ పోతాంది. తన చేన్లో తాను కూలి. ఇంతకన్నా ఏం చెప్పల్ల?

అందుకే నాగవేణి చదువుకుంది, అందుకే పరీక్షలు రాసింది, అందుకే ఆ గది అడిగింది. ఇంకెవురన్నా అయితే దేశసేవ అని చెప్పుకుంటుండ్రి. ఆమెకు అట్లాంటి సోది తెలీదు. జయరాం కూర్చున్న కుర్చీలో కూర్చుని, జయరాం దాచింది బయటికి తియ్యల్ల. అది తప్ప ఆమెకు వేరే కోరిక లేదు. సావుకారు దుడ్డు తిని దాచినాడనేది ఆమె నమ్మకం. చింపి ఉండడని ఎట్ల నమ్మింది అంటే, దానికో కారణముంది. ఆ ఆఫీసులో దసరాకు ఆయుధపూజ నాడు, కొడవలికీ బండికీ చేసినట్టే, దస్త్రాలకు పసుపు కుంకుమ పెడతారు. ఊరికొక దస్త్రం, ఊరి పుస్తకాలన్నీ ఎర్రగుడ్డలో కట్టిన మూట. రికార్డు రూములో పనిచేసినోడు లంచం తింటాడేమో, అబద్ధం చెప్తాడేమో గానీ, కాగితం చింపడు. కాగితమంటే సరస్వతి, చింపితే చేతులు పడిపోతాయని భయం. దొంగకు కూడా ఒక భక్తి ఉంటాది కదప్పా.

తాళాలు చేతికొచ్చినాక ఆమె మూతికి గుడ్డ కట్టుకుని ఒక్కొక్క మూటా విప్పింది. రోజుకు రెండు, మూడు పుస్తకాలు, ఒక్కొక్క కాగితం తిప్పి చూసింది. పనిలో పనిగా చెదలు దులిపింది, వేపాకు ఎండబెట్టి చల్లింది, ఏ ఊరిది ఏ యేడాదిది ఎన్ని పుస్తకాలుండాయో ఒక నోటుబుక్కులో రాసింది. అంతకుముందు నకలు కావాలని వచ్చినోడు నెలలు తిరిగేవాడు. ఇప్పుడు అర్జీ పెట్టి టీ తాగొచ్చేలోపల నకలు వచ్చేది. నందవరం నుంచి, పెద్దకడుబూరు నుంచి వచ్చిన రైతులు నాగవేణమ్మ చేతి చలవ అనేవాళ్లు. ఆమె అంటుండె, చెదలకు మందుండాది, ఎలకలకు బోనుండాది, వానకు తార్పాలుండాది, మనిషికే ఏం లేదు అని. ఎవురికీ చూపించని కాగితం ఉన్నా ఒకటే, కాలిపోయినా ఒకటే అని కూడా అనేది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత ఆమెకే తగుల్తాది.

తొమ్మిది నెలలకు దొరికింది. కరెనహాలు దస్త్రంలో. కరెనహాలు అనే ఊరు ఇప్పుడు లేదు. ఎప్పుడో కలరాకు జనం ఖాళీ చేసి పోయినారు. ఆఫీసు భాషలో బేచిరాక్ ఊరు అంటారు, దీపం పెట్టే మనిషి లేని ఊరని. ఆ ఊరి కాగితం అడిగేదానికి ఎవురొస్తారు? జయరాం బుర్రే బుర్ర. ఆ మూట నడిమధ్యలో గుండ్రహాలు అడంగలు పడుకోనుండాది. నూట పద్దెనిమిదో సర్వే నంబరు, బై ఒకటి, సేద్యం ఈరన్న. నాగవేణి ఆ పేరు మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది, ఎవురు వినేదుండాది ఆ గదిలో.

ఏడుపయినాక బుద్ధి పని చేసింది. ఈ పుస్తకం నేను తీసి చూపిస్తే ఏమంటారు? భీమప్ప కూతురే, తాళాలు ఆమె చేతిలోనే, రాసి పెట్టింటాది అంటారు. సావుకారు వకీలుకు అది చాలు. తెచ్చిన మనిషిని నమ్మకపోతే సాక్ష్యం చిత్తుకాగితమే. దాచినోడే వచ్చి, నేనే దాచినా, ఫలానా చోట దాచినా అని చెప్పాల్ల. కాబట్టి పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టి, గుడ్డ కట్టి, ముడి వేసింది. నోటుబుక్కులో గుండ్రహాలు గీత ఖాళీగా వదిలేసింది. జయరాం పెండ్లాం పుట్టిల్లు కూడా గుండ్రహాలే, ఏదో ఒక పొద్దు ఆ పుస్తకం కోసం ఆయన రాక తప్పదని కాచుకుంది. పాము పగ పన్నెండేండ్లు అంటారు, ఈమె ఏడేండ్లు కాచింది.

ఇదంతా బాగానే ఉంది గానీ, మధ్యలో సుంకప్ప వచ్చినాడు. అదే గుండ్రహాలు మనిషి, ఎకరా ఆసామి. దాయాది కంచె ఏసినాడు, పాత అడంగలు కావాల్లమ్మా అని. ఆయన గీత కూడా ఆ పుస్తకంలోనే, రెండు పేజీల అవతల ఉందని నాగవేణికి తెలుసు. ఇస్తే పుస్తకం బయటపడతాది, ఇన్నాళ్ల కాపలా మన్నయిపోతాది. "వెతికినా సుంకప్పా, దొరకల్యా" అనింది. మూడుసార్లు వచ్చినాడు, మూడుసార్లు అదే మాట. మూడోసారి ఆయన పోతాంటే వాకిలి దాకా పోయింది. పిలవకుండానే తిరిగొచ్చింది. సుంకప్ప ఎకరా దాయాదిదయింది. అప్పటి నుంచి ఆయన యేటేటా పెండ్లాం బిడ్డల్ని లారీ ఎక్కించుకుని గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి వలస పోతాన్నాడు. ఏం చెప్పల్లప్పా, పగ పట్టిన మనిషికి పక్కోడు కనపడడు.

తర్వాత కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించేవాళ్లు వచ్చి, నోటుబుక్కు చూసి ఊరూరి పుస్తకాలు ఫోటోలు తీసుకుని పోయినారు. గుండ్రహాలు ఖాళీ. ఊరు లేని కరెనహాలును వాళ్లు ముట్టనేలేదు. ఆ తర్వాత రీసర్వే వచ్చింది. గాల్లో డ్రోన్లు తిరిగినాయి, చేన్లకు కొత్త రాళ్లు నాటినారు. ఆ రాళ్లే జయరాం కాలికి తగిలినాయి.

కార్తీకమాసంలో ఒకనాడు పొద్దున్నే వచ్చినాడు. డెబ్బై నాలుగేండ్లు, మోకాళ్లు పట్టేసినాయి, విభూది మాత్రం అట్లనే ఉంది. గుండ్రహాల్లో ఆయన పెండ్లానికి పుట్టింటి ఎకరా ఒకటుంది, నూట పద్దెనిమిది బై రెండు. కొత్త సర్వేలో అది సావుకారు మనవళ్ల చేన్లో కలిసిపోయింది. అభ్యంతరం పెడితే, పాత అడంగలు తెమ్మన్నారు. చూసినారా? పుస్తకం దాచిన పొద్దే ఆయనకు తెలుసు, మామ చేను కూడా అందులోనే ఉందని. తాళం నా చేతిలో ఉండేదే కదా, కావాలంటే నేను తీసుకోలేనా అనుకున్నాడు. రిటైరైతే తాళం ఇచ్చి పోవాలనే మాట తోచలేదు ఆ మహానుభావునికి.

నాగవేణిని ఆయన గుర్తుపట్టలేదు. బెల్లం పెట్టిన పిల్ల ఈమేనని ఎట్ల తెలుస్తాది? ఆమె లేచి నిలబడి కుర్చీ వేసింది. సీనియర్ కదా. అర్జీ తీసుకుంది, లోపలికి పోయింది, పావుగంట ఊరికే నిలబడింది, బయటికొచ్చింది.

"వెతికినా సార్. దొరకలేదు. వచ్చే వారం రాండి" అనింది.

ఆ మాట అన్నాక ఆమెకు కడుపు నిండా అన్నం తిన్నట్టు ఉండె. ఆ పొద్దు మధ్యాన్నం క్యారియరు విప్పనే లేదు. వచ్చే వారం వచ్చినాడు, మల్ల అదే. ఆ పై వారం ఎండలో గంటన్నర నిలబెట్టింది, మీటింగుండాదని చెప్పి. తలుపు సందులోంచి చూసింది, కాలు మారుస్తా, గోడ పట్టుకుంటా నిలబడినాడు. మా నాయన కూడా ఆ గోడే పట్టుకున్నాడు అనుకుంది. జాలి కలగలేదు. నేను అబద్ధం చెప్పను, ఆమెకు సంతోషమైంది.

నాలుగోసారికి అభ్యంతరాల గడువు మూడు దినాలుంది. జయరాం చుట్టూ చూసి, చిన్నగా చెప్పినాడు. "కరెనహాలు దస్త్రంలో చూడమ్మా."

నాగవేణి ఏడేండ్లు కాచుకున్న మాట అది. మొగంలో ఏం కనపడనియ్యలేదు. వేరే ఊరి దస్త్రం నోటిమాట మీద విప్పేదానికి లేదు సార్, మీకు తెలియని రూలా, ఏ మూటలో ఉందో, మీకెట్ల తెలుసో రాసియ్యండి, ఆఫీసరు ముందర విప్పుతాము అని మెత్తగా చెప్పింది. ఉండొచ్చునని రాసిచ్చినాడు. ఉండొచ్చునంటే ఆఫీసరు ఒప్పుకోడన్నది. చూసినట్టు గుర్తు అని రాసిచ్చినాడు. చూస్తే ఎందుకు తియ్యలేదంటాడన్నది. మూడో కాగితం మీద ఉన్నదున్నట్టు రాసినాడు. గుండ్రహాలు అడంగలు పుస్తకాన్ని నేను రికార్డు కీపరుగా ఉన్న కాలంలో కరెనహాలు దస్త్రంలో పెట్టినాను, తీయించి నకలు ఇప్పించ ప్రార్థన. కింద సంతకం. అటెండరు బసవన్నను పిలిచి సాక్షి సంతకం పెట్టించింది. ముద్ర కొట్టి, ఇన్‌వర్డు రిజిస్టరులో నంబరు వేసింది, నంబరు పడిన కాగితాన్ని ఇంకెవురూ వెనక్కి తీసుకోలేరు. అప్పుడు గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

ఆఫీసరు ముందర బసవన్న మూట విప్పినాడు. ఆమె వేలు కూడా తగిలించలేదు. పుస్తకం బయటపడింది, పంచనామా రాసినారు. జయరాం తన గీత మీద వేలు పెట్టి, ఇదిగో, బై రెండు, అని మొగమంతా వెలిగించుకున్నాడు. ఆఫీసరు పోయినాక నాగవేణి ఆ పైగీత చదివింది. "బై ఒకటి, ఈరన్న. నేను ఈరన్న మనవరాల్ని సార్. భీమప్ప కూతుర్ని."

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయనకు. ఆ మూడో కాగితం ఇట్లియ్యి తల్లీ, ఇంకొకటి రాసిస్తా అని చెయ్యి చాచినాడు. నంబరు పడిందన్నది. ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఆఖరికి తన లోపలుండే మాట అన్నాడు.

"నేను చింపలేదు కదమ్మా. చింపింటే ఈ పొద్దు నీకు ఏముండేది?"

"చింపింటే మా నాయన ఒక దినం ఏడ్చి ఊరుకుంటుండె. నువ్వు దాచిపెట్టుకోని ఆరేండ్లు ఆశ పెట్టి చంపినావు" అనింది నాగవేణి. సార్ అనలేదు ఈసారి.

నకలు మాత్రం చేతిలో పెట్టింది, ముద్రతో సహా. అది ఆమె కరుణ అనుకోవద్దు. ఒకే పేజీలో రెండు గీతలు. పెండ్లాం ఎకరా కోసం ఆ కాగితం ఆయన ఎవురికి చూపించినా, పైగీతలో ఈరన్న పేరు చూపించాల్సిందే. సావుకారు మనవళ్ల ముందర ఆ కాగితం తానే పట్టుకోని నిలబడాల్ల. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, గోడ పట్టుకుంటా పోయినాడు.

ఆ సాయంత్రమే ఆటో పట్టుకుని గుండ్రహాలుకు పోయింది నాగవేణి. ఉచ్చీరమ్మ ఇంకా చేన్లోనే ఉంది, ఒడి నిండా పత్తి. గట్టు మీద నిలబడి అంతా చెప్పింది కూతురు. ముసలామె నడుం పట్టుకుని నిలబడి విన్నది.

"ఏడ్చినాడా?" అని అడిగింది.

"ఏడ్చల్యా. రాసిచ్చినాడు."

"అదే మేలు" అన్నది ఉచ్చీరమ్మ. చేను పేరు మారేదానికి ఇంకా పై ఆఫీసులు, వాయిదాలు ఎన్నుండాయో ఆమెకు తెలుసు. అయినా ఒడి విప్పి, ఏరిన పత్తి సాల్లోనే కుమ్మరించి, మేస్త్రీ అరుస్తాన్నా తిరిగి చూడకుండా గట్టెక్కింది. రేపట్నుంచి కూలికి రానని ఎవురికీ చెప్పనే లేదు.

ఇంటికి పోతాంటే సుంకప్ప ఎదురైనాడు. వలసకు మూటలు కట్టుకుంటాండె, ఇంటి ముందర గోనెసంచులు పరిచి. అడంగలు దొరికిందనే మాట అప్పటికే ఊర్లో పాకింది. ఆయన మొగంలో కోపం లేదు, ఆశ ఉంది. అదే ఆమెకు భయమైంది.

"దొరికిందంట కదమ్మా. ఎప్పుడు దొరికింది?"

ఈ పొద్దు అంటే సరిపోతుండె. పంచనామాలో అదే ఉంది, ఆఫీసరు సంతకముంది, ఎవురు కాదంటారు? నాగవేణి నోటిదాకా వచ్చింది ఆ మాట. ఆయన వెనకాల పిల్లోళ్ల గుడ్డలు మూట కట్టి ఉండాయి. తన మెత్తని మాట మీద ఆశ పెట్టుకుని మూడుసార్లు బస్సెక్కి వచ్చిన మనిషి. జయరాం మీద ఇన్నాళ్లు మండింది దేనికి మరి?

"ఏడేండ్ల కిందనే చూసినా సుంకప్పా. నువ్వొచ్చినప్పుడు ఆడనే ఉండె" అనింది.

సుంకప్ప చేతిలో మూట కింద పెట్టినాడు. ఉచ్చీరమ్మ కూతురి చెయ్యి పట్టుకుని, పాపా, ఇంటికి పా అన్నది. ఆ మాట బయటికొస్తే ఏమైతాదో ముసలామెకు అర్థమయింది. ఏడేండ్ల కిందనే చూసిందంటే, ఏడేండ్లుగా ఆమె చేతిలోనే ఉన్నట్టు. సావుకారు వకీలు దాన్ని పట్టుకుని అంతా తలకిందులు చేస్తాడు.

సుంకప్ప ఇంట్లోకి పోయి, పిల్లోళ్ల నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి, పెన్నుతో సహా తెచ్చినాడు.

"ఆ మాట రాసియ్యి" అన్నాడు. "తేదీలు కూడా."

నాగవేణి ఆ గోనెసంచుల మీదనే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసింది. ఏ యేడు చూసిందో, ఆయన ఎప్పుడెప్పుడు వచ్చినాడో, తానేమని పంపించిందో, అన్నీ. సంతకం పెట్టి ఇచ్చింది. ఆయన కూడబలుక్కుంటా ఒక్కొక్క అక్షరం చదివి, మడిచి, చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"రేపు ఆఫీసుకొస్తా. దీనికి నంబరు నువ్వే ఎయ్యల్ల."

"పదిన్నరకు రా సుంకప్పా. నేనుంటా" అనింది నాగవేణి.